తుపాను తర్వాత చారిత్రక ట్రాములను మళ్లీ పట్టాలెక్కించే పద్ధతి

తీరనగరంలో పాత ట్రాములను కాపాడే పని తుపానుకు ముందే, బండ్లను నిలిపే చోటు దగ్గర మొదలవుతుంది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నగరాన్ని ముంచినప్పుడు, సెయింట్ చార్లెస్ మార్గంలో తిరిగే 1923–24 నాటి ఆకుపచ్చ బండ్లు మెరక మీదున్న కారల్టన్ షెడ్డులో ఉండడం వల్ల క్షేమంగా బయటపడ్డాయి. ఏడాది కిందటే, 2004లో, కెనాల్ వీధిలో తిరగడం మొదలుపెట్టిన 24 ఎర్ర బండ్లు మాత్రం పల్లంలోని షెడ్డులో నీట మునిగాయి. అందువల్ల బండ్లన్నింటినీ ఒకే షెడ్డులో ఉంచకూడదు. హెచ్చరిక వెలువడగానే, ట్రాములకు కరెంటు అందించే పై తీగలో ఇంకా సరఫరా ఉండగానే, వాటిని మెరకకు తరలించాలి. కరెంటు ఆపేశాక వాటిని లాగడానికి వేరే వాహనం వెతుక్కోవలసి వస్తుంది.

గాలివాన తగ్గిన వెంటనే కరెంటు ఇవ్వాలన్న తొందర సహజమే గాని, అంతకు మించిన ప్రమాదం లేదు. తెగి వేలాడే తీగలో 600 వోల్టుల డీసీ ప్రవహిస్తే దారిన పోయేవారి ప్రాణాలకే ముప్పు. సబ్‌స్టేషన్ దగ్గర సరఫరా ఆపి, తాళం వేసి, ఆ తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచిన తర్వాతనే కూలిన చెట్లను తొలగించాలి. ఏదైనా కడిగే ముందు ప్రతి బండిని, ప్రతి స్తంభాన్ని ఫొటో తీసి, నీరు ఎంత ఎత్తు వచ్చిందో గుర్తు పెట్టాలి. బీమాకు, ప్రభుత్వ సాయానికి ఆధారం అదే.

మునిగిన బండి విషయంలో ఎక్కువ ఓపిక కావాలి. నీరు తీసింది కదా అని ఒక్కసారి నడిపి చూడడం దాన్ని పూర్తిగా పాడుచేయడమే. ఉప్పు కలిసిన బురద ఎండితే తుప్పు వేగంగా పాకుతుంది కనుక, తడి ఆరకముందే మంచినీటితో బాగా కడగాలి. మోటార్లను విప్పి, వేడి గదిలో నెమ్మదిగా ఆరబెట్టి, మెగ్గర్ అనే కొలిచే పరికరంతో ఇన్సులేషన్ (కరెంటు బయటికి పోకుండా ఆపే పూత) పరీక్షించాలి. బేరింగులు మార్చి, గేర్‌పెట్టెల్లోని నూనె పారబోసి కొత్తది పోయాలి. పాత కలపను మాత్రం ఎండలో పెట్టకూడదు, నీడలో గాలి తగిలేలా ఆరనివ్వాలి, లేకపోతే పలకలు వంగి చీలిపోతాయి. మునిగిన ఎలక్ట్రానిక్ పరికరాలను ఆరబెట్టి తిరిగి వాడదామన్న ఆశ వదులుకోవడమే మేలని నా అభిప్రాయం. న్యూ ఓర్లీన్స్ ఎర్ర బండ్లు పూర్తిస్థాయిలో తిరిగి రావడానికి 2009 దాకా పట్టింది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో 2008 నాటి ఐక్ తుపాను ముంచిన ట్రాములు పై తీగతో పనిలేని డీజిల్ బండ్లే అయినా, 2021లో గాని మళ్లీ తిరగలేదు.

అన్నీ బాగయ్యేదాకా ఆగనక్కరలేదు. న్యూ ఓర్లీన్స్‌లో బండ్లు క్షేమంగా మిగిలిన సెయింట్ చార్లెస్ మార్గంలో పై తీగలు ధ్వంసమయ్యాయి. బండ్లు మునిగిన కెనాల్ మార్గంలో ముందుగా సరఫరా పునరుద్ధరించగలిగారు. రెండింటిదీ 5 అడుగుల 2½ అంగుళాల పట్టాల వెడల్పే, ఒకే వోల్టేజీ కూడా. కాబట్టి 2005 డిసెంబరులోనే ఆకుపచ్చ బండ్లను కెనాల్ వీధిలో నడిపారు. ఇళ్లు కోల్పోయి తిరిగి వస్తున్న జనానికి ఆ ట్రాము గంట వినిపించడం ఎంత ధైర్యమో ఊహించుకోవచ్చు. మీ మార్గాల మధ్య ఇలాంటి పొందిక ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి.

పై తీగను ముక్కలుగా పునరుద్ధరించి, పూర్తయినంత మేర తెరవాలి. 1835 నుంచి నడుస్తున్న సెయింట్ చార్లెస్ మార్గాన్ని 2006 డిసెంబరులో కెనాల్ వీధి నుంచి లీ సర్కిల్ వరకు, 2007 నవంబరులో నెపోలియన్ అవెన్యూ వరకు, ఆ డిసెంబరులో రివర్‌బెండ్ వరకు, 2008 జూన్‌లో చివరిదైన క్లెయిబోర్న్ వరకు తెరిచారు. ప్రతి విడతకు ముందు ఖాళీ బండిని నడక వేగంతో పంపి, ఒక మనిషిని కిందనే నడిపిస్తూ, ప్రతి మలుపు దగ్గర ట్రాలీ దండం (బండి పైకప్పు నుంచి తీగను తాకి కరెంటు తీసుకునే కడ్డీ) తీగ నుంచి జారుతోందేమో చూడాలి. ఒక్క చోట జారినా తీగ బిగింపు సరిచేసి మళ్లీ నడిపాకే ప్రయాణికులను ఎక్కించాలి.