డాల్ఫిన్స్ నోస్ మీది మసక: ఓపెన్‌సీవీతో ఫొటోను తేటపరచడం

విశాఖ ఆర్.కె. బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ వైపు ఫొటో తీస్తే, గాలిలోని తేమ వల్ల కొండ బూడిద రంగు మరకలా పడడం ఇక్కడివారికి తెలిసిన సంగతే. అటువంటి ఫొటోను తేటపరచడానికి నేను ఓపెన్‌సీవీని వాడతాను. 1999లో ఇంటెల్‌లో గ్యారీ బ్రాడ్‌స్కీ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ చిత్ర విశ్లేషణ లైబ్రరీ (ప్రోగ్రాముల్లో వాడుకునే సిద్ధ ఫంక్షన్ల సమాహారం), 4.5 వెర్షన్ నుంచి అపాచీ 2 లైసెన్సుతో వస్తోంది కనుక, కాలేజీ ప్రాజెక్టుకైనా వ్యాపారానికైనా రుసుము కట్టనక్కరలేదు.

పైథాన్ ఉన్న కంప్యూటరులో పైథాన్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్ ద్వారా ‘ఓపెన్‌సీవీ-పైథాన్’ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, ప్రోగ్రాములో ‘సీవీ2’ పేరుతో ఇంపోర్ట్ చేసుకోవాలి.

ఫొటోను చదివే పని ‘ఇమ్‌రీడ్’ ఫంక్షనుది. తెలుగువాళ్లం జాగ్రత్తపడవలసింది ఇక్కడే. విండోస్‌లో ఫైలుకు గానీ ఫోల్డరుకు గానీ ‘సాగరతీరం’ అని మన లిపిలో పేరు పెడితే, ఇమ్‌రీడ్ దానిని తెరవలేకపోవచ్చు. పైగా ప్రోగ్రాము అక్కడ ఆగదు, చిత్రానికి బదులు ‘నన్’ అనే శూన్య విలువ వస్తుంది, తప్పు తరువాతి వరుసలో బయటపడుతుంది. ఈ సంగతి తెలియక నేను ఒక సాయంత్రమంతా రంగుల మార్పిడి వరుసలోనే తప్పు వెతికాను. పేరు మార్చడం ఇష్టం లేకపోతే, సంఖ్యల పట్టికలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ నమ్‌పైలోని ‘ఫ్రమ్‌ఫైల్’తో బైట్లను చదివి ‘ఇమ్‌డీకోడ్’కు అందిస్తే సరిపోతుంది.

ఇక అసలు పని. మసక ఫొటోలో వెలుగు విలువలు 0 నుంచి 255 వరకు పరుచుకోకుండా ఒకచోట గుంపుగా చేరి ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా సాగదీస్తే రంగులు చెడిపోతాయి కాబట్టి, ముందుగా ‘సీవీటీకలర్’తో చిత్రాన్ని ల్యాబ్ పద్ధతిలోకి (ఒక పొరలో వెలుగు, రెండు పొరల్లో రంగు) మార్చి, వెలుగును మాత్రమే సూచించే ఎల్ పొరను వేరుచేయాలి. ఓపెన్‌సీవీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో ఉంచుతుంది. అందువల్ల మార్పిడికి ‘బీజీఆర్2ల్యాబ్’ అన్నదే ఎంచుకోవాలి.

ఆ ఎల్ పొర మీద ‘క్లాహే’ను నడపాలి. ఇది చిత్రాన్ని గళ్లుగా విభజించి, ఏ గడికి ఆ గడిలో వెలుగునీడల తేడాను పెంచుతుంది. అందుకే తెల్లని ఆకాశం ఎంత పెద్దదిగా ఉన్నా కొండ వాలు దాని కింద అణగిపోదు. గళ్లు 8×8, క్లిప్ లిమిట్ (ఆ తేడాను ఎంతవరకు పెంచాలో చెప్పే హద్దు) 2.0తో మొదలుపెట్టడం మంచిది. తరువాత మూడు పొరలను ‘మెర్జ్’తో కలిపి, తిరిగి బీజీఆర్‌లోకి మార్చాలి.

ఫలితంలో ముందు చూడవలసింది కొండను కాదు, దాని పైనున్న ఆకాశాన్ని. అక్కడ ఇసుక చల్లినట్టు చుక్కలు తేలితే లిమిట్ ఎక్కువైనట్టే, 1.5కు తగ్గించాలి. లైట్‌హౌస్ అంచు స్పష్టపడి, ఆకాశం నునుపుగా ఉన్నప్పుడు ‘ఇమ్‌రైట్’తో కొత్త పేరున, వీలైతే పీఎన్‌జీగా భద్రపరచండి, అసలు ఫొటోను మాత్రం చెరపకండి.