తిరిగొచ్చిన ఆల్బమ్: రాజోలులో కూర్చుని ఏడాది రాక్ లెక్క రాయడం ఎలా

మా షాపులో ఒక మాటుంది. బాగుచేసి పంపిన మోటారు ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ గుమ్మంలోకి వచ్చిందంటే ఆ వైండింగ్ చేసినవాడికి నామర్దా. పాటల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఏ ఆల్బమ్ ఎన్నిసార్లు తిరిగొస్తే అది అంత గట్టిది. డిసెంబరులో నేను రాసుకునే రాక్ జాబితా అంతా దీని మీదే నడుస్తుంది. పత్రికలు ఇచ్చే ర్యాంకులతో నాకు పనిలేదు.

నాది రాజోలు దగ్గర మోటార్ వైండింగ్ షాపు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, కొబ్బరితోటల బోరు మోటార్లు, అప్పుడప్పుడు పెళ్లివారి జనరేటరు. ఐటీఐ చదివే రోజుల్లో కాకినాడలో రూమ్మేటు క్యాసెట్టు పుణ్యమా అని రాక్ అంటుకుంది, ఇంకా వదల్లేదు. చుట్టుపక్కల ఈ సంగీతం వినేవాళ్లు నా ఎరుకలో ఐదుగురు. అందులో ఇద్దరు చర్చిలో గిటారు వాయించే కుర్రాళ్లు. మీ ఊళ్లోనూ రాక్ వినే తోడు కావాలంటే ముందు చర్చి వైపు వెళ్లి అడగండి. గిటారు తీగ సరిచేయడం తెలిసినవాడు అక్కడ దొరుకుతాడు.

ఇక పని. జాబితా డిసెంబరులో మొదలుపెట్టకండి. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే దసరా తర్వాత విన్నవే గుర్తొస్తాయి. ఫిబ్రవరిలో ప్రాణం పెట్టి విన్నది గాల్లో కలిసిపోతుంది. జనవరిలోనే ఒక పుస్తకం పెట్టుకోండి. నేను షాపు జాబ్ బుక్కులోనే రాస్తాను. ఎడమ పేజీలో మోటారు వచ్చిన తేదీ, ఎన్ని హెచ్‌పీ, ఏ గేజ్ వైరు, ఎన్ని చుట్లు. కుడి పేజీలో ఆ పని చేస్తూ విన్న ఆల్బమ్ పేరు, దాని మీద ఒకే ఒక్క వాక్యం. మళ్లీ విన్నప్పుడల్లా పక్కన ఒక గీత, బస్తాలు దింపేటప్పుడు లెక్క గీసినట్టు. కొత్త సరుకు మోజు ఎవరికైనా ఉంటుంది కాబట్టి మొదటి రెండుసార్లకి గీత లేదు.

ఆ పుస్తకం మనల్ని ఎలా పట్టిస్తుందో చూడండి. 2025 ఫిబ్రవరి 7న డ్రీమ్ థియేటర్ 'పారాసోమ్నియా' వచ్చింది. 2010లో బ్యాండు వదిలేసిన మైక్ పోర్ట్‌నాయ్ తిరిగొచ్చి వాళ్లతో డ్రమ్స్ వాయించిన మొదటి ఆల్బమ్. నేను సంబరపడిపోయి ఒక్క వారంలో తొమ్మిది గీతలు గీశాను. మార్చి నుంచి ఇప్పటిదాకా ఇంకొక్క గీత లేదు. అదే మార్చి 14న స్టీవెన్ విల్సన్ 'ది ఓవర్‌వ్యూ' విడుదలైంది. మొత్తం 42 నిమిషాలు, అందులో ఉన్నవి రెండే ట్రాకులు. నా పుస్తకంలో మొదటిరోజు రాసిన వాక్యం: "నిద్రొచ్చింది." ఇప్పుడు దాని పక్కన 31 గీతలున్నాయి.

ఎందుకని ఆలోచిస్తే నవ్వొచ్చింది. కాలిపోయిన కాయిళ్లు కోసి, పీకి, స్లాట్లు గీకి శుభ్రం చేయడానికి నాకు ఇంచుమించు అంతే టైము పడుతుంది. కట్టరు తీసేటప్పుడు మొదటి ట్రాకు పెడితే స్టేటర్ (మోటారులో తిరగని భాగం) ఊది పక్కన పెట్టేసరికి రెండోది అయిపోతుంది. అంతరిక్షం నుంచి భూమిని చూసినవాళ్ల మనసుకు కలిగే మార్పు గురించిన ఆల్బమ్ అది. ఇక్కడ నా చేతినిండా మాడిన వార్నిష్ వాసన. ఆ రెండింటికీ ఎలా కుదిరిందో చెప్పలేను గానీ కుదిరింది. అందుకే చెబుతున్నాను, ఆల్బమ్ నిడివిని మీ పనికి జత చేయండి. వంటకి ఒకటి, రావులపాలెం దాకా బస్సు ప్రయాణానికి ఒకటి. పని మధ్యలో తెగిపోయే ఆల్బమ్‌కి న్యాయం జరగదు.

చుట్లు లెక్కపెట్టే పనిలో మాత్రం ఏదీ పెట్టకండి. ఒకసారి హెవీ మెటల్ పాటలు వింటూ చుట్టిన కాయిల్లో 8 చుట్లు ఎక్కువపడ్డాయి. అది ఎవరి మోటారో చెప్పను, ఆయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తున్నాడు.

షాపులో స్పీకరు పెట్టి వినేవాళ్లకి ఇంకో మాట. పాట ఆపినా "గుంయ్" మని ఒక మోత వస్తూ ఉంటే అది స్పీకరు జబ్బు అనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ గిటారు లావు తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరం 49. పక్కపక్క ఇళ్లన్నమాట, అందుకే ఆ మోత బేసులో కలిసిపోయి పాటని బురద చేస్తుంది. ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత పోయిందంటే తప్పు చాలావరకు ఎర్తింగుదే. ఉప్పునేలలో ఎర్త్ కడ్డీలు త్వరగా తుప్పు తినేస్తాయి, ఏడాదికోసారి చూపించుకోండి. మోత పోతుందని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే మహానుభావులున్నారు, ఆ పని అసలు చేయకండి. పాట కోసం షాకు కొట్టించుకోనక్కర్లేదు.

వినే చోట మాటలు పడటానికీ సిద్ధంగా ఉండాలి. ఆగస్టులో డెఫ్టోన్స్ 'ప్రైవేట్ మ్యూజిక్' పెట్టుకుని ఉంటే, రొయ్యల చెరువులున్న ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏరా అబ్బాయ్, బేరింగు పట్టేసిన మోటారు అలా తిప్పుతున్నావేంట్రా?"

"మోటారు కాదు బాబాయ్, పాటండి."

"ఆయ్! పాటా? అయితే గ్రీజు పెట్టించు."

ఆ వాక్యమే పుస్తకంలో రాశాను. అంతకంటే మంచి సమీక్ష నాకు తట్టలేదు.

ఇక తెరమీద చూసిన కచేరీలు. వీటికి వేరే పేజీ పెట్టండి, నేరుగా చూసినవాటితో కలపొద్దు. ఈ ఏడాది ఆ పేజీలో ఒక్కటే ఉంది, అదొక్కటీ చాలు. జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంలో బ్లాక్ సబ్బాత్ ఆఖరి కచేరీ. మెటాలికా, గన్స్ అండ్ రోజెస్, టూల్, స్లేయర్ లాంటివాళ్లంతా ముందు వాయించి వెళ్లాక అసలు నలుగురూ వచ్చారు. ఓజీ ఆస్‌బోర్న్ నల్ల సింహాసనం మీద కూర్చునే పాడాడు, లేవలేని స్థితి. డబ్బు కట్టి షాపులోనే చూశాం, నేనూ మా కుర్రాడూ. మధ్యలో కరెంటు పోతే రిపేరుకొచ్చిన ఎవరిదో ఇన్వర్టరు తగిలించాం. బాగుందో లేదో పరీక్ష కూడా అయిపోయింది. జులై 22న ఓజీ పోయాడు. పదిహేడు రోజులు.

ఆ రాత్రి నా కళ్లు ఓజీ కంటే వాళ్ల గిటారిస్టు టోనీ అయోమి కుడిచేతి మీదే ఎక్కువ ఉన్నాయి. పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో, పని మానేద్దామనుకున్న ఆఖరి రోజున, యంత్రంలో పడి ఆ చేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సినవి ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకి తొడుగుల్లా మలిచి, తోలు అంటించుకున్నాడు. గట్టి తీగలు నొక్కలేక సన్నవి వేశాడు, తర్వాత్తర్వాత శ్రుతి కిందికి దించాడు. హెవీ మెటల్‌కి ఆ బరువు గొంతు రావడంలో ఆ దించిన తీగల పాత్ర చాలా ఉంది. నా ఎడమ చూపుడువేలి కొస 2009లో పుల్లీ బెల్టులో పోయింది. సన్నతీగ పట్టుకోవడానికి నేను చేసుకున్న తొడుగు సైకిలు ట్యూబు ముక్క. కాబట్టి ఆ కచేరీకి మార్కులు వేయడంలో నేను తటస్థుణ్ని కాదు.

నేరుగా కచేరీకి వెళ్లే సంగతి. మనవైపు నుంచి ఏడాదికి ఒకటి చాలు, కానీ ఆ ఒక్కటీ మానొద్దు. 2011 అక్టోబరు 30, ఆదివారం, మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. అంతకు రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సింది రద్దయింది. అది విని "ఇదీ జరగదులే" అని నా టికెట్టు స్నేహితుడికి ఇచ్చేశాను. జరిగింది. వాడు ఇప్పటికీ ఆ రాత్రి సంగతి చెబుతూనే ఉంటాడు, నేను వింటూనే ఉంటాను.

టికెట్టు వెతికేముందు రైలు వెతకండి. ఇప్పుడు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, మునుపటిలా 120 కాదు. కచేరీ కబురు ఎన్నో నెలల ముందు వస్తుంది కాబట్టి ఆ అరవయ్యో రోజు తేదీని క్యాలెండరులో చుట్టి పెట్టుకోండి. బెంగళూరుకైతే భీమవరం టౌన్‌లో శేషాద్రి ఎక్సుప్రెస్. ముంబయికి రాజమండ్రి వెళ్లి కోణార్క్ పట్టుకోవడం నాకు అలవాటు. టికెట్టు ఖర్చు ఎంతో, దారి ఖర్చు, లాడ్జి, తిండి కలిపి ఇంకో అంత వేసుకోండి. తిరిగొచ్చిన మర్నాడు ఎవరి మోటారూ ఒప్పుకోకండి.

టికెట్ల అమ్మకం రోజు రెండు ఫోన్లు, రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఉండాలి. ఒక కచేరీకి నేను గంటన్నర క్యూలో ఉండి, నా వంతు వచ్చాక, డబ్బు కట్టే పేజీలో ఆ యాప్ చక్రం తిప్పుతూ కూర్చుంది. డబ్బు పోయింది, టికెట్టు రాలేదు. డబ్బు వారానికి వెనక్కొచ్చింది, టికెట్టు మాత్రం బ్లాకులో మూడింతలకి కనిపించింది. కొనలేదు. మీరూ కొనకండి, గేటు దగ్గర చెల్లకపోతే అడిగే నాథుడుండడు.

ఈ ఏడాది నా ఒక్కటీ మే 17న ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో గన్స్ అండ్ రోజెస్. 2012లో వాళ్లు మన దేశం వచ్చినప్పుడు గిటారిస్టు స్లాష్ లేడు, ఈసారి ఉన్నాడు. నాకు అంతకంటే కారణం అక్కర్లేదు. దాదర్‌లో దిగి వెస్టర్న్ లైను లోకల్ ఎక్కితే మూడో స్టేషను మహాలక్ష్మి. మా ఆవిడ కట్టిచ్చిన పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు) షోలాపూర్ దాటకముందే అయిపోయాయి. అవి మిగిలినా లోపలికి రానివ్వరనుకోండి, సీసాలతో సహా అన్నీ గేటు దగ్గరే వదలాలి. కొత్త బూట్లు వేసుకెళ్లొద్దు. నేను వేసుకెళ్లాను.

నిలబడే చోటు ముఖ్యం. కుర్రాళ్లంతా స్టేజీ ముందుకి తోసుకుంటారు. మీరు వెనక్కి చూసి, సౌండు ఇంజినీర్లు కూర్చునే మిక్సింగ్ టెంటు ఎక్కడుందో కనిపెట్టి, దాని ముందు నిలబడండి. వాళ్లు తమ చెవికి బాగున్నట్టే సర్దుకుంటారు కదా, ఆ చెవుల పక్కనే మన చెవులు. స్పీకర్ల గోడ ముందు మాత్రం వద్దు. 85 డెసిబెల్స్ మోతని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటారు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైము సగానికి పడిపోతుంది, 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పావుగంట. పసుపురంగు ఫోమ్ బిరడాలు మందుల షాపులో అడగండి. వేళ్లతో సన్నగా నులిమి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. ఊరికే గుచ్చితే పాట మొదలవగానే రాలిపోతుంది.

నాకు ఆ రాత్రి అన్నిటికంటే నచ్చింది ఒక నిశ్శబ్దం. పాట ఆగినప్పుడు అంత పెద్ద యాంప్లిఫయర్ల నుంచీ 50 హెర్ట్జ్ మోత లేదు. స్లాష్ వాయించే లెస్ పాల్ గిటారులో, తీగల అదురుని కరెంటుగా మార్చే పికప్పులో రెండు కాయిళ్లుంటాయి, ఒకదానికొకటి ఎదురు చుట్టు. కరెంటు మోతని ఒకటి ఇటు, ఒకటి అటు లాగి కొట్టేసుకుంటాయి. గిబ్సన్ గిటార్ల కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో చేసిన ఉపాయం. పక్కనున్న కుర్రాడికి అరిచి చెప్పబోయాను. వాడి చెవుల్లోనూ బిరడాలున్నాయి.

డిసెంబరు మొదటివారంలో గీతలు కూడండి. గీతలన్నీ ఒకే నెలలో ఉన్నదాన్ని కొట్టేయండి, పోర్ట్‌నాయ్ అయినా సరే. మిగిలినవాటిలో ఒక్కోదాన్నీ, స్పీకరులో పెట్టకుండా, నోటితో ఒక ముక్క కూనిరాగం తీయండి. రాకపోతే అదీ కిందికి. నాకు ఈసారి నిలిచినవి నాలుగు. 'ది ఓవర్‌వ్యూ', 'ప్రైవేట్ మ్యూజిక్', టర్న్‌స్టైల్ 'నెవర్ ఎనఫ్', ఢిల్లీ కుర్రాళ్లు బ్లడీవుడ్ 'న్యూ ఢిల్లీ'. ఘోస్ట్ 'స్కెలెటా' అమెరికా చార్టులో మొదటిస్థానం కొట్టింది, నా పుస్తకంలో ఐదు గీతల దగ్గర ఆగింది. బ్లడీవుడ్ ఢోలు బాగుంటుంది, కాదనను. అయితే కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభల్ని భుజాన వేసుకుని కౌశిక నీళ్లలోకి దిగేటప్పుడు మోగే డప్పు విన్న చెవికి అది కొంచెం ఇస్త్రీ చేసినట్టుంటుంది. ఆ తీర్థాన్ని ప్రతి ఏడాదీ కచేరీల పేజీలోనే రాస్తాను. చర్చి కుర్రాళ్లు ఒప్పుకోరు, రాక్ కాదంటారు. పుస్తకం నాది.

కొత్త పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో అప్పుడే ఒక తేదీ ఉంది: 2026 జనవరి 23, బెంగళూరు, లింకిన్ పార్క్ కచేరీ. శేషాద్రిలో నాకు బెర్తు ఖాయమైంది, మా కుర్రాడిది ఆర్‌ఏసీ. పాత బూట్లు వేసుకెళ్తున్నాను.