టర్బో బిగించిన పాత డీజిల్ ల్యాండ్ క్రూజర్ కొనేముందు

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటాం మేము. ఈమధ్య మా వీధి చివర ఉండే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, 2001 మోడల్ ల్యాండ్ క్రూజర్ 105 దొరికింది. డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్, పైగా టర్బో కూడా బిగించి ఉంది. రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా" అన్నాడు. ఆగమన్నాను. ఏడేళ్ల కిందట నేను డబ్బు పోగొట్టుకున్నది ఆ "పైగా" దగ్గరే.

అప్పుడు నేను కొన్నదీ 105 సిరీసే. నేను వెళ్లేసరికి అమ్మే ఆయన ఇంజన్ ఆన్‌లోనే ఉంచాడు. ఒక చిన్న రౌండ్ కొట్టాను, టర్బో గుంజుడు చూసి మనసు పారేసుకున్నాను. నాలుగో నెలలో క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని మిల్డ్యూరా వెళ్తుంటే రేడియేటర్ నీళ్లు బయటికి తన్నేశాయి. పిల్లలిద్దరితో మూడు గంటలు ఎండలో రోడ్డు పక్కన కూర్చున్నాం. ఇంజన్ పై భాగం, అంటే హెడ్, విప్పి చూస్తే పగుళ్లు. అంతా కలిపి తొమ్మిది వేల డాలర్లు దాటింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ బండి ఇంజన్ పేరు 1హెచ్‌జడ్. 4.2 లీటర్లు, వరుసగా ఆరు సిలిండర్లు. 80 సిరీస్‌లో, 105లో, ఇక్కడ అందరూ ట్రూపీ అని పిలిచే బండి లాంటి 70 సిరీస్ బండ్లలో వచ్చింది. గట్టి ఇంజన్, కంప్యూటర్ గొడవల్లేవు, ఎడారి మధ్యలో కూడా రిపేరు చేసే మనిషి దొరుకుతాడు. కానీ పవర్ 96 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. రెండు టన్నులు దాటిన బండి, వెనక ట్రైలర్ ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు లారీల వెనక పాకుతుంది. అందుకని జనం బయట కిట్ కొని, ఇంజన్లోకి ఎక్కువ గాలి నెట్టి పవర్ పెంచే టర్బో బిగించుకుంటారు. సఫారీ, డెన్కో, డీటీఎస్, ఏఎక్స్‌టీ ఇక్కడ బాగా తెలిసిన పేర్లు.

ఈ ఇంజన్‌ని టయోటా టర్బో కోసం తయారు చేయలేదు. దీని కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క, 22కి పైనే. అదే కంపెనీ టర్బోతో తెచ్చిన 1హెచ్‌డీ-టీలో 18.6. పైగా 1హెచ్‌జడ్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్‌లో ఉండే చిన్న గదిలో ముందు అంటుకుని, అక్కణ్నుంచి సిలిండర్లోకి వస్తుంది. ఎక్కువ డీజిల్ పోస్తే ఆ చిన్న గది దగ్గరే వేడి పేరుకుని హెడ్ పగులుతుంది. పద్ధతిగా బిగించి, పద్ధతిగా నడిపిన టర్బో బండ్లు లక్షల కిలోమీటర్లు తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి టర్బో బండి అనగానే భయపడి వదిలేయక్కర్లేదు. ఈ ఇంజన్ ఎంత వేడి తిన్నదో కనిపెట్టడమే మీ పని.

అది ఫోన్‌లోనే మొదలుపెట్టాలి. టర్బో ఎవరు బిగించారు, ఎప్పుడు, అప్పటికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) ఎంత పెట్టారు, డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేసిన కాగితం ఉందా, ఈజీటీ గేజ్ ఉందా అని అడగండి. ఈజీటీ అంటే ఎగ్జాస్ట్ వేడి. సైలెన్సర్ వైపు వెళ్లే పొగ ఎన్ని డిగ్రీలుందో ఆ గేజ్ చూపిస్తుంది. "ఫ్రెండ్ బిగించాడు, బాగానే ఉంది" అనే జవాబు వస్తే నేనైతే ఆ ఫోన్ అక్కడితో ముగిస్తాను. చివరగా ఒక్క మాట గట్టిగా చెప్పండి: "మేము వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు."

మా నాన్నకి లారీ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన నమ్మే మేస్త్రి ఏ బండి చూడటానికి వెళ్లినా ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించేవాడు. గోరువెచ్చగా తగిలిందంటే ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి వచ్చేసేవాడు. చిన్నప్పుడు అది చాదస్తం అనుకున్నాను. వేడి ఇంజన్ చాలా జబ్బులు దాచేస్తుందని మిల్డ్యూరా రోడ్డు మీద అర్థమైంది. చలికాలం పొద్దున్నే వెళ్లగలిగితే ఇంకా మంచిది.

చల్లటి ఇంజన్ దగ్గర ముందు రేడియేటర్ పై గొట్టం పిసకండి. రాత్రంతా నిలిపిన బండికి అది మెత్తగా ఉండాలి. చల్లగా ఉండి కూడా గట్టిగా ఉబ్బి ఉందంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తోందని గట్టి అనుమానం. తర్వాత మూత తీసి చూడండి, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. కూలెంట్ శుభ్రంగా ఉండాలి. తుప్పు రంగు బురద, నూనె తెట్టు కనిపిస్తే బేరం వద్దు. ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటే కంగారు పడకండి, డీజిల్‌లో మార్చిన రోజే నల్లబడుతుంది. మూత కింద పాలమీగడలా ఉన్నా, డిప్‌స్టిక్ మీద గీత దాటి డీజిల్ వాసన కొట్టినా మాత్రం ఆలోచించాల్సిందే.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ దాటాక టర్బోకి వెళ్లే గొట్టం విప్పమనండి. ఒక్క క్లాంప్, రెండు నిమిషాల పని. నిజాయితీగా అమ్మేవాళ్లు కాదనరు. తమ్ముడి 105 చూడటానికి వెళ్లినప్పుడు ఆ గొట్టంలోకి వేలు పెట్టి తుడిచాను. వేలి కొసన మెత్తటి ఎర్ర దుమ్ము, కుంకుమ అద్దినట్టు. ఫిల్టర్ దాటాక దుమ్ము ఉండనే కూడదు. ఉందంటే ఎక్కడో సీల్ పోయి, లోపలి ఎడారుల దుమ్మంతా నేరుగా ఇంజన్లోకి వెళ్లింది. పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు గరుకు కాగితంతో రుద్దినట్టు అరిగిపోతాయి. బండి పైన పెయింట్ తళతళలాడుతోంది, కొత్త టైర్లు వేసి ఉన్నాయి. తమ్ముడు నా వేలు చూశాడు, నా మొహం చూశాడు. ఇద్దరం థాంక్స్ చెప్పి వచ్చేశాం.

గొట్టం శుభ్రంగా ఉంటే అదే సందులోంచి టర్బో ఫ్యాన్ మధ్యలో ఉన్న నట్టుని రెండు వేళ్లతో పట్టుకోండి. పక్కలకి పిసరంత కదలొచ్చు. ముందుకూ వెనక్కూ అసలు కదలకూడదు. రెక్కల అంచులు సొట్టలు పడి ఉండకూడదు. వేలితో తిప్పితే ఎక్కడా ఒరుసుకోకుండా తిరగాలి. టర్బో కింద నుంచి ఆయిల్ సంపుకి దిగే పైపు మెలికలు లేకుండా కిందికే రావాలి. పొగని ఇంజన్ నుంచి బయటికి తెచ్చే మ్యానిఫోల్డ్ దగ్గర మసి చారలు ఉన్నాయేమో, టార్చ్ వేసి పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

ఇంత అయ్యాకే స్టార్ట్ చేయమనండి. సిలిండర్లని ముందు వేడిచేసే గ్లో ప్లగ్గుల లైటు ఆరాక తాళం తిప్పితే వెంటనే అందుకోవాలి. చలిలో కొద్దిసేపు తెల్ల పొగ సహజం. నిమిషాల తరబడి తెల్ల పొగ, ఒక సిలిండర్ కొట్టనట్టు కుదుపు ఉంటే గ్లో ప్లగ్గో, ఇంజెక్టరో, అంతకంటే పెద్దదో. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత వదులు చేసి పైన అలాగే ఉంచండి. కొంచెం వణకడం మామూలే, గెంతి పక్కకి పడిపోతే రింగులు అయిపోయాయి.

నల్ల పొగ గురించి విడిగా చెప్పాలి. టర్బో లేకుండా వచ్చిన ఈ ఇంజన్ డీజిల్ పంపులో, గాలి పెరిగాకే డీజిల్ పెంచే ఏర్పాటు ఉండదు. మంచి షాపు వాళ్లు పంపుకి ఆ ఏర్పాటు చేయిస్తారు. తొందరపని వాళ్లు డీజిల్ స్క్రూ తిప్పేసి ఊరుకుంటారు. అప్పుడు టర్బో అందుకోకముందే డీజిల్ ఎక్కువైపోయి నల్లగా కక్కుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక చిన్న మబ్బు వచ్చి పోతే సర్దుకోవచ్చు. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ నల్లగా వస్తుంటే ఆ హెడ్ రోజూ కాలుతోందన్నమాట.

టెస్ట్ డ్రైవ్ కాలనీలో తిప్పితే ఏమీ తెలియదు. మా వైపు నేనెప్పుడూ వెస్టర్న్ ఫ్రీవే మీద బాకస్ మార్ష్ దాటాక వచ్చే పెంట్‌లాండ్ హిల్స్‌కి తీసుకెళ్తాను. పొడుగాటి ఎత్తు, ఇంజన్ నిజంగా కష్టపడుతుంది. పై గేర్‌లో ఉంచి నిండా తొక్కండి. ఇంజన్ స్పీడ్ పెరిగి బండి పెరగకపోతే క్లచ్ జారుతోంది, టర్బో వేశాక పాత క్లచ్‌కి ఇది మామూలు జబ్బే. బూస్ట్ 7 నుంచి 10 పీఎస్‌ఐ మధ్య ఉంటే నాకు నిశ్చింత. 15 చూపించి గర్వపడే ఓనర్ దగ్గర నేను కొనను. ఈజీటీ ప్రోబ్ టర్బోకి ముందుందా, తర్వాతా అని అడగండి. తర్వాత ఉంటే గేజ్ తక్కువ చూపిస్తుంది. నా బండికి టర్బోకి ముందు వైపే పెట్టించాను, 650 డిగ్రీలు దాటుతోందంటే కాలు తీసేస్తాను. డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లుని నమ్ముకోకండి. చాలా ఎక్కువ వేడెక్కేదాకా అది మధ్యలోనే కదలకుండా ఉంటుంది.

తిరిగొచ్చాక అమ్మే ఆయన్ని గమనించండి. కొండ ఎక్కి వచ్చిన టర్బో బండిని రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపాలి. ఆగీ ఆగగానే తాళం తీసేసే అలవాటు ఆయన చేతికుంటే, ఇన్నేళ్లూ ఆ టర్బో బేరింగుల్లో ఆయిల్ మాడుతూనే వచ్చిందని అర్థం. బండి వేడిగా ఉన్నప్పుడే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందో చెప్పే టీకే టెస్ట్ మెకానిక్ చేత చేయించండి. రేడియేటర్ మూత దగ్గర పెట్టిన నీలం ద్రవం ఆకుపచ్చకో పసుపుకో తిరిగితే హెడ్ గానీ గాస్కెట్ గానీ పోయినట్టే. నేను ఆ చిన్న ఖర్చుకి వెనకాడి తొమ్మిది వేలు కట్టాను.

కింద పడుకుని చాసిస్ చూడండి. బీచ్‌లో తిప్పిన బండికి తుప్పు సందుల్లో ఉంటుంది, ఇసుక దొరికిందంటే ఉప్పూ ఉన్నట్టే. ముందు చక్రాలు మలుపు తిరిగే చోట ఉండే స్వివెల్ హబ్‌ల దగ్గర గ్రీజు, ఆయిల్ కలిసి కారుతుంటే సీళ్లు మార్చాలి, అది బేరానికి పనికొచ్చే పాయింటు, భయపడాల్సింది కాదు.

కాగితాల్లో ముందు టైమింగ్ బెల్టు బిల్లు. మార్చే టైమ్ వచ్చినప్పుడు డాష్‌లో లైటు వెలిగి గుర్తు చేస్తుంది, కానీ ఆ లైటుని ఎవరైనా ఆర్పేయొచ్చు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క వేసుకుని ధర తగ్గించమనండి. నిస్సాన్ పట్రోల్‌లో వచ్చే టీడీ42కి బెల్టు బదులు గేర్లే ఉంటాయి, పైన చెప్పిన మిగతా జాగ్రత్తలన్నీ దానికీ సరిపోతాయి. పీపీఎస్‌ఆర్ చెక్‌కి రెండు డాలర్లు, బండి మీద అప్పుందో లేదో, దొంగబండో, ఇన్సూరెన్స్ వాళ్లు ఇక పనికిరాదని తేల్చేసిందో తెలుస్తుంది. రోడ్‌వర్దీ సర్టిఫికెట్ చూసి ఇంజన్ బాగుందనుకోకండి, అది బ్రేకులు, టైర్లు, లైట్ల లాంటి భద్రత చూస్తుందంతే. విక్టోరియాలో టర్బో తర్వాత బిగించిన బండికి వాస్ ఇంజనీర్ సర్టిఫికెట్ (బండికి చేసిన మార్పు సరిగ్గా ఉందని ఇంజనీర్ ఇచ్చే కాగితం) అడగండి. వేరే రాష్ట్రాల్లో పద్ధతి వేరు. ఇన్సూరెన్స్ వాళ్లకి టర్బో సంగతి దాచొద్దు, యాక్సిడెంట్ అయ్యాక వాళ్లే కనిపెడతారు.

కొన్నాక మూడు వేల డాలర్లు పక్కన ఉంచుకోండి. బెల్టు, కూలెంట్, అన్ని ఆయిళ్లూ, ఫిల్టర్లూ, ఈజీటీ గేజ్ లేకపోతే అదీ. ఇంజన్ ఆయిల్ నేను 5,000 కిలోమీటర్లకే మార్చేస్తాను.

తమ్ముడు ఇప్పుడు జీలాంగ్‌లో ఇంకో 105 చూశాడు. దాన్ని అమ్మే ఆయన మేము అడక్కుండానే డైనో కాగితం, పంపు ఓవర్‌హాల్ బిల్లు ఫొటో తీసి పంపాడు. శనివారం పొద్దున ఏడింటికి వెళ్తున్నాం. ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాం.