బీఆర్‌జెడ్, టొయోటా 86కి వేరే వీల్స్ వేశాక వచ్చే తలనొప్పులు: ఎక్కడ రాసుకుంటోంది, ఎందుకు వణుకుతోంది, ఏం చేయాలి

ముందు కంపెనీ కొలతలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, కింద లెక్కలన్నీ వీటి మీదే. మొదటి తరం సుబారు బీఆర్‌జెడ్, టొయోటా 86 (అమెరికాలో మొదట్లో సయాన్ ఎఫ్ఆర్-ఎస్ అని అమ్మింది కూడా ఈ బండే) చాలావాటికి 17×7 +48 వీల్ (17 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, +48 అంటే ఆఫ్‌సెట్, దాని సంగతి కింద ఉంది), 215/45-17 టైరు (215 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, 17 అంగుళాల రిమ్‌కి), బోల్ట్ ప్యాటర్న్ 5×100 (100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు స్టడ్‌లు), హబ్ బోర్ 56.1 మిల్లీమీటర్లు (వీల్ ఎక్కి కూర్చునే హబ్‌కి సరిపోయే మధ్య రంధ్రం), స్టడ్ ఎం12×1.25 (12 మిల్లీమీటర్ల మందం, మర పిచ్ 1.25). 2022 మోడల్ నుంచి వచ్చిన జీఆర్86, కొత్త బీఆర్‌జెడ్‌లో రిమ్ వెడల్పు 7.5 అంగుళాలు అయింది, ప్యాటర్న్, బోర్, +48 మారలేదు.

సమస్య: వీల్ అసలు కూర్చోవట్లేదు, లేదా కూర్చున్నట్టే ఉంది కానీ నమ్మకం లేదు

టొయోటా బ్యాడ్జి ఉంది కదా అని పాత ప్రియస్ వీల్స్ చౌకగా దొరికాయని తెచ్చుకుంటారు. ప్యాటర్న్ అదే 5×100, కానీ వాటి మధ్య రంధ్రం 54.1, మన హబ్ 56.1, అంటే ఎంత తోసినా హబ్ మీదకి ఎక్కదు. ఎందుకంటే బ్యాడ్జి ఏదైనా ఈ బండి హబ్ సుబారుదే. అలాగని సుబారువి అన్నీ పడతాయా అంటే అదీ లేదు, సుబారు స్పోర్ట్స్ మోడల్ ఎస్‌టీఐ 2005 నుంచి 5×114.3కి మారిపోయింది, అంతకుముందువే మనకి పనికొస్తాయి.

అన్నిటికన్నా ప్రమాదం ఫోక్స్‌వ్యాగన్ వీల్స్. మన దగ్గర తిరిగే పోలోలది కూడా 5×100, బోర్ 57.1, చేత్తో పెడితే హాయిగా ఎక్కేస్తుంది, అక్కడే మోసపోతాం. ఆ రిమ్‌లో బోల్టు కూర్చునే గుంట గుండ్రంగా ఉంటుంది, మన నట్టు కొస కోన్ ఆకారం. రెండూ సన్నటి అంచు మీద మాత్రమే ఆనుకుంటాయి, బిగించినప్పుడు టార్క్ రెంచ్ (అనుకున్న బిగువు రాగానే చెప్పే పానా) టక్ అంటుంది గానీ నాలుగు రోజులు తిరిగాక వదులైపోతుంది. మన నట్లతో దీనికి ఫిక్స్ లేదు, ఆ వీల్స్ వద్దు.

సమస్య: 60, 70 మైళ్ల స్పీడ్‌లో వణుకు

బ్రేక్ వేసినప్పుడే వణికితే అది వీల్ గొడవ కాకపోవచ్చు, ముందు బ్రేక్ డిస్కులు చూడండి. ఎప్పుడూ వణుకుతుంటే, అదీ స్టీరింగ్‌లో తెలిస్తే ముందు వీల్స్, సీటు కింద తెలిస్తే వెనకవి అనుకుని మొదలుపెట్టొచ్చు.

మార్కెట్‌లో అమ్మే వీల్స్ చాలావాటి బోర్ 73.1 ఉంటుంది, అన్ని బండ్లకీ ఒకటే అచ్చు సరిపోవాలని. 56.1 హబ్ మీద అది వదులుగా ఊగుతుంది, మధ్యలో హబ్ రింగ్ (ఆ ఖాళీని పూడ్చే రింగు) లేకపోతే వీల్‌ని సెంటర్‌లో పట్టుకునేది నట్లే, అవి కొంచెం అటూ ఇటూ బిగిస్తే చాలు వణుకు. 73.1 నుంచి 56.1 రింగులు పెట్టండి. ప్లాస్టిక్‌వి రోడ్డుకి చాలు, ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లు మాత్రం అల్యూమినియంవి కొనండి, బ్రేకుల వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. రింగులు ఉన్నాయా, నట్లు సరిగ్గా ఉన్నాయా చూసుకున్నాకే బ్యాలెన్సింగ్‌కి వెళ్లండి, ముందే వెళ్తే డబ్బు దండగ. బిగించేటప్పుడు బండి జాక్ మీద ఉండగానే నట్లు నక్షత్రం ఆకారంలో, ఎదురెదురుగా చేత్తో పట్టించి, కిందకి దింపాక టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి బిగించండి.

సమస్య: టైరు రాసుకుంటోంది

తొంభై శాతం గొడవ ఇదే, దీనికే "నా బండికి +35 పడుతుందా" అని అడుగుతారు, ఆ ప్రశ్నకి జవాబు లేదు, వెడల్పు చెప్పకుండా ఆఫ్‌సెట్ ఒక్కటే చెప్తే ఏమీ చెప్పనట్టే. హబ్‌కి ఆనే మొహం రిమ్ నడిమి గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో అదే ఆఫ్‌సెట్, నంబర్ పెరిగితే వీల్ లోపలికి, తగ్గితే బయటికి.

లెక్క చూడండి. 17×8 +45 అనుకుందాం. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) 7 కంటే వెడల్పు అంగుళం ఎక్కువ, అంటే రెండు పక్కలా 12.7 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 3 తగ్గింది కాబట్టి బయటికి 15.7, లోపలికి 9.7. ఇంకోటి, అందరూ మోజుపడే 17×9 +42: బయటికి 31.4, లోపలికి 19.4. రెండింటి ఆఫ్‌సెట్‌కీ తేడా 3 మాత్రమే, కానీ రిమ్ బయటి అంచు దాదాపు 16 మిల్లీమీటర్లు బయటికి వెళ్లింది చూశారా. కొత్త జీఆర్86 వాళ్లు ప్రతి పక్కా 6.35 తగ్గించి లెక్కేసుకోండి.

ఇప్పుడు టార్చ్ తీసుకుని కింద కూర్చుని మచ్చ ఎక్కడుందో చూడండి, మచ్చే చెప్తుంది. టైరు లోపలి గోడ మీద చుట్టూ నున్నగా మెరిసే పట్టీ ఉంటే స్ట్రట్‌కి (వీల్ లోపలి పక్క నిలువుగా ఉండే షాక్ అబ్జార్బర్ స్తంభం) తగులుతోంది. టైరు భుజం మీద సన్నటి గీత, బ్లేడుతో కోసినట్టు, అది ఫెండర్ (వీల్ పైన ఉండే బాడీ రేకు) అంచు పని, ఎక్కువగా వెనక, గుంతలో పడ్డప్పుడు. ముందు వీల్ గూడులో నల్ల ప్లాస్టిక్ లైనర్ ఒక చోట అరిగి మెరుస్తుంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు తగులుతోందన్నమాట.

స్ట్రట్‌కి తగిలితే చాలామంది 5 మిల్లీమీటర్ల స్పేసర్ (హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే బిళ్ల) వేసేస్తారు, అక్కడికి సరే, కానీ కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు బయట ఫెండర్ మొదలవుతుంది. పైగా స్పేసర్ మందం అంతా స్టడ్ పొడవులోంచే పోతుంది. రెండు వైపులా తెరిచి ఉండే ఓపెన్ నట్టుతో చెక్ చేయండి, 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి కనీసం 12 మిల్లీమీటర్ల మర పట్టాలి, 1.25 పిచ్ కాబట్టి దాదాపు పది చుట్లు. అంతకంటే తక్కువ తిరిగితే పొడవు స్టడ్‌లు వేయించండి, లేకపోతే స్పేసర్ తీసేయండి.

ఫెండర్‌కి తగిలితే రెండు దారులు. క్యాంబర్ బోల్టులతో ముందు నెగెటివ్ క్యాంబర్ పెంచితే వీల్ పైభాగం లోపలికి వంగుతుంది, ముందు స్ట్రట్ రకం కాబట్టి ఇది తేలిక, కానీ స్ట్రట్ వైపు ఖాళీ తగ్గుతుంది, మళ్లీ చూసుకోవాలి. వెనక అయితే ఫెండర్ లోపలి అంచుని లోపలికి మడిచి రోల్ చేయించడం, పెయింట్‌ని హీట్ గన్‌తో వేడి చేసే వాడితోనే చేయించండి, చల్లగా వంచితే పెయింట్ పగులుతుంది. బండిని కిందకి దించిన వాళ్లు ఈ లెక్కలన్నీ ఇంకా బిగుతుగా చూసుకోవాలి, ఖాళీ బండితో చూసి బాగుందనుకోకుండా వెనక ఇద్దరిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ దాటించండి.

సమస్య: ఫెండర్‌కి బోలెడు ఖాళీ ఉంది, కానీ రిమ్ కాలిపర్‌కి (బ్రేక్ డిస్కుని పట్టుకునే భాగం) తగులుతోంది

ఇది ఆఫ్‌సెట్ లెక్కలో దొరకదు. చువ్వలు ఏ ఆకారంలో వంగాయి అన్నది డిజైన్ బట్టి, ఒకే 17×8 +45 రెండు కంపెనీలది ఒకటి పడుతుంది ఇంకోటి పడదు. బ్రెంబో కంపెనీ పెద్ద బ్రేకులున్న మోడల్ అయితే కొనేముందే అమ్మేవాడిని కాలిపర్ టెంప్లేట్ అడగండి, అట్ట మీద కత్తిరించి రిమ్ లోపల పెట్టి చూస్తే ఐదు నిమిషాల పని.

సమస్య: స్పీడోమీటర్ తప్పు చూపిస్తోంది, డాష్‌లో టైరు లైట్ వెలుగుతోంది

టైరు అడ్డకొలత (వ్యాసం) చూడండి. స్టాక్ 215/45-17 దాదాపు 625 మిల్లీమీటర్లు. 245/40-17 అయితే 628, తేడా పట్టించుకోనక్కర్లేదు. 18కి వెళ్లి 235/40 వేస్తే 645, మూడు శాతం పైనే, ఎత్తు పెరిగినందుకు లైనర్‌కి రాసుకోవడం అదనం. 18 కావాలంటే 215/40 లేదా 225/40 చాలు. లైట్ వెలగడానికి మాత్రం కారణం సాధారణంగా కొత్త వీల్స్‌లో ప్రెషర్ సెన్సర్లు లేకపోవడమే, పాతవి మార్చి వేయించండి, లేదా కొత్తవి కొని బండికి నేర్పించాలి.

సమస్య: రోడ్డు గాడుల వెంట స్టీరింగ్ తనంతట తనే పోతోంది

వెడల్పు టైరు, బయటికి జరిగిన వీల్, రెండూ కలిసి చేసే పని ఇది. అలైన్‌మెంట్ చేయించి టైరు గాలి సరిచూస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. నాకైతే రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి 17×8, ఆఫ్‌సెట్ 42 నుంచి 48 మధ్య, 225/45 టైరు దాటి వెళ్లాల్సిన అవసరమే కనిపించదు, 9 అంగుళాలు ట్రాక్ వాళ్లకి.

కొత్త వీల్స్ వేసి 50, 100 మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే చువ్వ వెనక పోతపోసిన నంబర్లు ఉంటాయి, సైజు, ఆఫ్‌సెట్ రెండూ, ఆ వెనక వైపు ఫొటో అడగండి. ముందు వైపు ఫొటోలే పదే పదే పంపేవాడి దగ్గర కొనకండి.