బైనాక్యులర్స్‌లో చూసి పిల్లలకోడిని గీయడం

మొదటి స్కెచ్‌కి కృత్తికలే, అదే మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనే చుక్కల గుంపే, బెస్ట్. 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, ముందు అద్దం 50 మి.మీ. ఉండే) బైనాక్యులర్స్ చాలు. కార్తీకంలో రాత్రి తూర్పున బాగా కనిపిస్తాయి, కానీ పౌర్ణమి నాడు వద్దు, చంద్రుడు వాటి పక్కనే కూర్చుంటాడు (ఆ నెలకి ఆ పేరొచ్చిందే అందుకు). కాగితం మీద గిన్నె బోర్లించి వృత్తం గీసుకుని (బైనాక్యులర్స్‌లో కనిపించే గుండ్రటి ఆకాశం అదే), డాబా లైట్లు ఆపి, అరగంట కళ్లని చీకటికి అలవాటు పడనివ్వండి, ఫోన్ ముట్టుకోకుండా. కాగితం చూసుకోడానికి సన్నటి ఎర్ర లైటు. మోచేతులు పిట్టగోడకి ఆనించి, ముందు మెరిసే ఆరేడు చుక్కలు పెట్టి, వాటి మధ్య త్రిభుజాలు ఊహించుకుంటూ మసకవి చేర్చండి; కాంతి ఎక్కువైతే చుక్క పెద్దది. మసకవి సూటిగా కాకుండా కాస్త పక్కకి చూస్తే దొరుకుతాయి. ఫొటోల్లోని నీలి పొగ కనబడకపోతే గీయొద్దు. చివర్లో తేదీ, టైము రాయండి.