ముసురు రోజు పోర్క్ రిబ్స్ పొగబెట్టే ముందు

వైజాగ్‌లో అక్టోబరు, నవంబరు అంటే అల్పపీడనం ఎప్పుడు పడుతుందో తెలీదు, మాంసం కొనే ముందే వాతావరణం చూసుకోండి. తుపాను హెచ్చరిక ఉంటే మానేయండి, ఇంట్లో కుక్కర్ ఉందిగా.

- వాన పడుతోందని స్మోకర్‌ని (బొగ్గుతో మాంసానికి పొగబెట్టే రేకు పొయ్యి) వరండాలోకో కార్ షెడ్‌లోకో లాగొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి పడిపోయేదాకా తెలీదు. పైన టార్పాలిన్ కట్టడం కూడా వద్దు, అంటుకుంటుంది.

- అసలు తలనొప్పి వాన కాదు, సముద్రపు గాలి. డాబా మీద అది నేరుగా స్మోకర్ గాలి కంతల్లోకి కొడితే బొగ్గు భగ్గుమంటుంది, పైన వాన పడితే రేకు చల్లబడి వేడి దిగిపోతుంది, మనకేమో స్మోకర్ లోపల 110 డిగ్రీల దగ్గర నిలకడగా కావాలి. కంతలు గాలికి ఎదురుగా లేకుండా తిప్పి, కొంచెం దూరంలో రేకు అడ్డం పెట్టండి. ఐదారు గంటల పని ఇంకో గంటన్నర సాగొచ్చు, బొగ్గు ఎక్కువే ఉంచుకోండి, మూత ఉన్న డబ్బాలో.

- ఎండిన మామిడి చెక్క చాలు. తడిస్తే తెల్లటి పొగ, చేదు (పోయినసారి మా బావ ఒక్క ముక్క తిని పెరుగన్నం అడిగాడు). రంగేసిన చెక్క అసలొద్దు.

- మూత మాటిమాటికీ తీయకండి. ఉడికిందో లేదో చూడ్డానికి మాంసంలోకి థర్మామీటర్ గుచ్చితే 90-95 డిగ్రీలు చూపించాలి.