నా కల్పిత రాజ్యంలో కాగితం చిక్కు విడిన తీరు

నా కాల్పనిక నవలలో ఒక లేఖకుడు రాజశాసనంలోని పేరును చాకుతో గీకి, అదే చోట మరో పేరు రాస్తాడు. ఆ శాసనం కాగితం మీద ఉండటంతో ఘట్టం నమ్మశక్యంగా అనిపించలేదు. మాచికాయల (ఓక్ చెట్ల మీద ఏర్పడే బుడిపెల) కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసే సిరా కాగితపు పోగుల్లోకి ఇంకిపోతుందనీ, లోతుగా గీకితే కాగితమే పలచబడి మోసం బయటపడుతుందనీ, సున్నపు నీటిలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, చట్రానికి బిగించి ఆరబెట్టిన తోలుపత్రం మాత్రం గీకి మళ్లీ రాయడానికి చక్కగా లొంగుతుందనీ చదివి తెలుసుకున్నాను. శాసనాన్ని వెంటనే తోలుపత్రానికి మార్చాను. చెక్కగుజ్జు కాగితం 1840ల తర్వాతే వ్యాపించింది కనుక, గుమాస్తాల చిత్తుప్రతులకు పాతగుడ్డలతో చేసిన కాగితం సరిపోయింది. ఆ మార్పుతో గుడ్డపీలికలు ఏరేవారు కథలోకి వచ్చారు; ఇప్పుడు నాకు అందరికన్నా ప్రియమైన పాత్రలు వారే.